తెలుగు వార్తల వర్గీకరణ ప్రాజెక్టు: వొకాబ్యులరీలో 'దర', 'పత', 'జయవ' ఎక్కడివి?

ల్యాబ్_మాస్టారు
ఫైనలియర్ బ్యాచ్ ఒకటి తెలుగు వార్తల్ని నాలుగు తరగతులుగా విడగొట్టే ప్రాజెక్టు చేస్తోంది. రాజకీయం, క్రీడలు, సినిమా, వ్యాపారం. సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో టీఎఫ్-ఐడీఎఫ్ (ఒక్కో మాటకి ఎంత బరువివ్వాలో లెక్కగట్టేది), దాని మీద లాజిస్టిక్ రిగ్రెషన్ (తరగతిని తేల్చే మోడల్). ఇదే కోడు ఇంగ్లీషు వార్తల మీద బాగానే నడుస్తోంది, తెలుగుకొచ్చేసరికి క్రీడలేవో సినిమా ఏదో తేల్చుకోలేకపోతోంది. పిల్లలేమో మోడళ్లు మారుస్తూ పోతున్నారు: ఎస్‌వీఎం అయింది, ర్యాండమ్ ఫారెస్ట్ అయింది, ఇప్పుడు ఎల్‌ఎస్‌టీఎం అంటున్నారు. వొకాబ్యులరీ (మోడల్‌కి అందిన మాటల జాబితా) ప్రింట్ చేయిస్తే 'దర', 'పత', 'జయవ', 'ఖపట', 'కల' లాంటివి వచ్చాయి. ఫైలు యూటీఎఫ్-8లోనే ఉంది, తెరిస్తే తెలుగు శుభ్రంగా కనిపిస్తోంది. మరి ఇవెక్కడి నుంచి ఊడిపడ్డాయి?

సిద్దిపేట_చిన్నోడు
'ఖపట' అంటే విశాఖపట్నం సార్. నడుముకాడ కోసిన్రు.

పైథాన్_పంతులు
చిన్నోడు సరిగ్గా పట్టాడు. మోడల్ జోలికి పోకండి, తప్పంతా టోకెనైజర్‌లో (పాఠాన్ని మాటలుగా విడగొట్టే భాగంలో) ఉంది.

కౌంట్‌వెక్టరైజర్, టీఎఫ్-ఐడీఎఫ్ వెక్టరైజర్ రెండింటికీ డిఫాల్ట్ టోకెన్ ప్యాటర్న్ ఒకటే: బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ కనీసం రెండుసార్లు పక్కపక్కనే రావాలి. పైథాన్‌తో వచ్చే 'రీ' మాడ్యూల్ ఆ డబ్ల్యూ కింద అక్షరాల్ని, అంకెల్ని, అండర్‌స్కోర్‌ని మాత్రమే ఒప్పుకుంటుంది. గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు యూనికోడ్‌లో 'మార్క్' వర్గంలో ఉన్నాయి, 'లెటర్' వర్గంలో లేవు. అందుకే ప్రతి గుడి దగ్గరా, దీర్ఘం దగ్గరా, సున్న దగ్గరా మాట తెగుతుంది. తెగాక ఒంటిగా మిగిలిన హల్లుని 'కనీసం రెండు' నియమం పారేస్తుంది.

చేత్తో వేసి చూడండి:
హైదరాబాద్ → 'దర'
తిరుపతి → 'పత'
విజయవాడ → 'జయవ'
వరంగల్ → 'వర', 'గల'
ఎన్నికలు → 'ఎన', 'కల'
కర్నూలు → 'కర'
కరీంనగర్ → 'కర', 'నగర'
గుంటూరు, నెల్లూరు → ఏమీ మిగలదు
కడప → కడప

సిద్దిపేట_చిన్నోడు
కడపోళ్లకు ఏ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనూ అడ్డం రాదన్నట్టు 😀

ల్యాబ్_మాస్టారు
అయితే క్రీడలు, సినిమానే ఎందుకు ఎక్కువ దెబ్బతిన్నాయి? రాజకీయం కాస్త నయంగా ఉంది.

పైథాన్_పంతులు
ఆ రెండింటిలో ముఖ్యమైన మాటలన్నీ గుణింతాలే కాబట్టి. 'క్రికెట్', 'వికెట్', 'సినిమా' మూడూ పూర్తిగా మాయమవుతాయి, ఒక్క ముక్క కూడా మిగలదు. 'పరుగులు' నుంచి 'పర' మిగులుతుంది గానీ 'పరిశ్రమ' నుంచీ, 'పరీక్ష' నుంచీ వచ్చేది ఆ 'పర'యే. అంటే బ్యాట్స్‌మన్ కొట్టిన పరుగులూ వ్యాపార పేజీలోని పరిశ్రమా ఒకే ఫీచర్‌లో (మోడల్ లెక్కలోకి తీసుకునే ముక్కలో) కలిసిపోతున్నాయి. రాజకీయంలో 'ఎన', 'కల' కనీసం జంటగా వస్తున్నాయి, మోడల్ వాటిని పట్టుకుని ఈదుతోంది.

సరిచేయడానికి రెండు దారులు.

ఒకటి, టోకెన్ ప్యాటర్న్‌ని మీరే రాయడం. తెలుగు బ్లాకు దశాంశంలో 3072 నుంచి 3199 దాకా. ఆ పరిధి మొత్తాన్నీ, దానితోపాటు 8204, 8205 అనే రెండు జాయినర్లనీ చదరపు బ్రాకెట్లలో పెట్టి ప్లస్ గుర్తు తగిలిస్తే చాలు. (కోడులో హెక్సాలో రాయాలి, మార్చుకోండి.) ఇంగ్లీషు మాటలు, అంకెలు కూడా కావాలంటే వాటినీ అందులోనే చేర్చండి.

రెండు, 'రెగెక్స్' అనే బయటి మాడ్యూల్‌ని పిప్‌తో పెట్టుకుని దాని ఫైండ్‌ఆల్‌ని టోకెనైజర్‌గా ఇవ్వడం. అందులో డబ్ల్యూ మార్కుల్ని కూడా కలుపుకుంటుంది. ఇలా ఇచ్చినప్పుడు టోకెన్ ప్యాటర్న్‌కి 'నన్' ఇవ్వండి, లేకపోతే ప్రతిసారీ వార్నింగ్ వస్తుంది.

వత్తులు_పోయాయి
ఇంకో గొయ్యి అక్కడే ఉంది. స్ట్రిప్ యాక్సెంట్స్ అనే ఆప్షన్‌కి 'యూనికోడ్' అని ఇచ్చారేమో చూడండి. ఇంగ్లీషు ట్యుటోరియల్ నుంచి ఎత్తిన కోడులో తరచూ ఉంటుంది. అది మొదట అక్షరాల్ని విడదీసి, కంబైనింగ్ క్లాస్ (గుర్తులకి యూనికోడ్ ఇచ్చే ఒక అంకె) సున్నా కాని వాటిని తీసేస్తుంది. పొల్లుకి ఆ క్లాస్ 9. కనుక పొల్లు పోయి 'అమ్మ' కాస్తా 'అమమ' అవుతుంది. ఐత్వం ఎత్వంగానూ కింది గుర్తుగానూ విడిపోతుంది, కింది గుర్తు పోతుంది, 'పై' కాస్తా 'పె' అవుతుంది. ప్యాటర్న్ బాగుచేసినా ఇది ఉంటే మళ్లీ మొదటికే.

స్కాలర్_రూమ్9
ఇంత అవస్థ ఎందుకు? మల్టీలింగ్వల్ బెర్ట్ (చాలా భాషల మీద ముందే శిక్షణ ఇచ్చిన మోడల్) తీసుకుని మన వార్తల మీద ఫైన్‌ట్యూన్ చేస్తే పోలా?

వత్తులు_పోయాయి
ఏ బెర్ట్? అన్‌కేస్డ్ (ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడనిది) అయితే అదీ ఇదే రోగం, ఇంకాస్త వింతగా. అది మాటని విడదీసి 'నాన్-స్పేసింగ్ మార్క్' వర్గంలో ఉన్నవాటిని చెరిపేస్తుంది. తెలుగులో తలకట్టు స్థానంలో వచ్చే దీర్ఘం, గుడి, ఎత్వం, ఒత్వం, ఔత్వం, పొల్లు ఆ వర్గం. కొమ్ములు, ఋత్వం, సున్న 'స్పేసింగ్' వర్గం, అవి బతుకుతాయి. కాబట్టి 'తెలుగు' వెళ్లి 'తలుగు'గా వస్తుంది. 'కాలం', 'కలం' ఒకటే. కోడి, కాడి, కేడీ ముగ్గురూ 'కడ'.

అన్‌కేస్డ్‌లో ఈ నార్మలైజేషన్ తంటా ఉందనే గూగుల్ వాళ్లు 2018లోనే కేస్డ్ మోడల్ విడుదల చేసి, దాన్నే వాడమన్నారు. కేస్డ్ తీసుకోండి, లేదా భారతీయ భాషల కోసం చేసిన మ్యూరిల్ గానీ, ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్‌బెర్ట్ గానీ తీసుకోండి. ఏది తీసుకున్నా ఒక వాక్యం టోకెనైజ్ చేయించి, తిరిగి డీకోడ్ చేయించి, గుణింతాలు వెనక్కి వచ్చాయో లేదో చూశాకే ట్రైనింగ్ మొదలుపెట్టించండి.

కోడిపుంజు
నా హ్యాండిల్ ఆ మోడల్‌కి ఇస్తే 'కడపుంజు' అంటుందన్నమాట. కడప పుంజు. ఒప్పుకున్నా.

పైథాన్_పంతులు
స్కాలర్ గారూ, వార్తల వర్గీకరణకి మొదట బెర్ట్ అక్కర్లేదు. బేస్‌లైన్‌గా అక్షరాల ఎన్-గ్రామ్ (వరసగా వచ్చే కొన్ని అక్షరాల ముక్క) పెట్టండి: అనలైజర్‌కి 'చార్ డబ్ల్యూబీ', పరిధి 3 నుంచి 6. అది ఖాళీల దగ్గరే విడగొడుతుంది, డబ్ల్యూ జోలికే పోదు. పైగా తెలుగులో ఒకే మాట ఇంట్లో, ఇంట్లోంచి, ఇంట్లోకి, ఇంట్లోనే అంటూ రూపాలు మారుతుంది. మాటని యూనిట్‌గా తీసుకుంటే ఒక్కో రూపం ఒక్కో ఫీచర్. ఎన్-గ్రామ్‌లో మొదటి ముక్క అన్నింటికీ ఉమ్మడిగా దొరుకుతుంది. స్టెమ్మర్ (మాటని మూలరూపానికి కుదించేది) వెతుక్కునే పని తప్పుతుంది.

భాషా_బెజవాడ
'స్టెమ్మర్ అక్కర్లేదు' అనేది వర్గీకరణ వరకే. సెర్చ్ కట్టేటప్పుడు ఇల్లు, ఇంటి, ఇంట్లో ఒకటని తెలియాలి. వాటికి ఉమ్మడిగా ఉన్నది 'ఇ' ఒక్కటే, ఎన్-గ్రామ్ ఏం చేస్తుంది? మార్ఫలాజికల్ ఎనలైజర్ మీద హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనూ ఏళ్ల తరబడి పని జరిగింది ఊరికే కాదు.

ఇంకో మాట. అక్కడ 3 నుంచి 6 అనేవి కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న ఒక్కో గుర్తు), మన అక్షరాలు కావు. 'స్త్రీ' చూడండి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఒక్క అక్షరం, 6 కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. మీ 3-గ్రామ్ అందులో సగం కూడా దాటదు.

పైథాన్_పంతులు
సెర్చ్ విషయంలో మీరన్నది నిజమే. పరిధి పెద్దది పెట్టమన్నది కూడా అందుకే, ఇంగ్లీషు అలవాటుతో 2-3 దగ్గర ఆగకూడదు.

నల్లబల్ల
ఫైనలియర్‌కి వచ్చాక కాదు, ఇది మొదటి ఏడాది స్ట్రింగ్స్ ల్యాబులోనే చెప్పాలి. పాలిండ్రోమ్ ప్రోగ్రాం ఎలాగూ ఉంది. 'మేడమ్' అనే ఇంగ్లీషు మాట బదులు 'వికటకవి' ఇవ్వండి. పైథాన్‌లో తిరగేసి పోలిస్తే 'కాదు' అంటుంది! అందులో 7 కోడ్ పాయింట్లు: వ, గుడి, క, ట, క, వ, గుడి. తిరగేస్తే మొదట గుడి వస్తుంది, కూర్చోవడానికి హల్లు ఉండదు.

టెస్ట్ కేసులు మాత్రం జాగ్రత్తగా ఎంచాలి. 'నటన', 'జలజ', 'సరస' ఇస్తే తప్పు కోడు కూడా పాసైపోతుంది, ఎందుకంటే వాటిలో గుణింతమే లేదు. నేనిచ్చే వరస: నటన (ఊరికే), వికటకవి (గుడి), మందారదామం (సున్న, దీర్ఘం), ముత్యము (వత్తు). నాలుగూ 'అవును' అంటేనే మార్కులు.

సెమిస్టర్_గండం
సార్, సి ల్యాబులో పాయింటర్లే దిగమింగడం లేదు, యూనికోడ్ ఎక్కడ దూర్చాలి? ఏ సీవోకి (కోర్స్ అవుట్‌కమ్‌కి) మ్యాప్ చేయాలి, కోర్స్ ఫైల్లో ఏమని రాయాలి? ఎన్‌ఎల్‌పీ ఎలక్టివ్‌లో చెప్పుకోవచ్చు.

నల్లబల్ల
సి ల్యాబుకే ఇంకా బాగా సరిపోతుంది. పేరు కోసం 20 బైట్ల క్యారెక్టర్ అర్రే పెట్టించండి, ఎఫ్‌గెట్స్‌తో చదివించండి, 'వేంకటేశ్వరరావు' కొట్టమనండి. 14 కోడ్ పాయింట్లు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 42. చివరి నల్ బైట్ పోను 19 బైట్లు చదువుతుంది. ఆరు కోడ్ పాయింట్లకి 18 అయిపోయి, ఏడోదాని మొదటి బైట్ 224 ఒంటరిగా మిగులుతుంది. తెర మీద 'వేంకటే' తర్వాత ప్రశ్నార్థకపు డబ్బా వస్తుంది. బైట్ అంటే ఏమిటో, అక్షరం అంటే ఏమిటో విడిగా పాఠం చెప్పే పనే ఉండదు. ఎఫ్‌గెట్స్ బదులు స్కాన్‌ఎఫ్ వాడినవాడికి బఫర్ ఓవర్‌ఫ్లో కూడా అక్కడే దొరుకుతుంది. ప్రింట్‌ఎఫ్‌లో వెడల్పు 20 అని పెడితే పట్టిక ఎందుకు వంకరపోతోందని ఎవడో ఒకడు అడుగుతాడు. ఆ వెడల్పు కూడా బైట్ల లెక్కే.

సీవో అంటారా, 'అర్రేలు, స్ట్రింగులు' అని ఇప్పటికే ఉంది కదా. కొత్తది రాయక్కర్లేదు.

సెమిస్టర్_గండం
విండోస్ ల్యాబులో టర్బో సి పెట్టుకుని కూర్చున్న కాలేజీల సంగతి?

నల్లబల్ల
దానికి నా దగ్గర మందు లేదు 🙏 కనీసం కోడ్‌బ్లాక్స్ పెట్టించండి. విండోస్ కన్సోల్‌లో ముందు 'సీహెచ్‌సీపీ 65001' కొట్టాలి. అయినా వత్తులు సరిగ్గా కనిపించకపోతే అవుట్‌పుట్‌ని ఫైల్లోకి పంపి నోట్‌ప్యాడ్‌లో తెరిపించండి.

కోడిపుంజు
ముత్యము దగ్గర ఇరుక్కున్నా. రెగెక్స్ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ క్యాపిటల్ ఎక్స్ (పాఠాన్ని అక్షరం అక్షరంగా విడగొట్టే ప్యాటర్న్) వాడా. వికటకవి, మందారదామం పాస్, ముత్యము ఫెయిల్.

భాషా_బెజవాడ
మీ వెర్షన్ పాతది. గ్రాఫీమ్ క్లస్టర్ (కంటికి ఒక అక్షరంగా కనిపించే గుంపు) పాత నియమం పొల్లు తర్వాత తెంపేస్తుంది: ము, త్, య, ము. నాలుగు ముక్కలు, తిరగేస్తే కుదరదు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో హల్లు-పొల్లు-హల్లు మధ్య తెంపకూడదని కొత్త నియమం చేర్చారు, తెలుగుకి అది వర్తిస్తుంది. అప్పుడు ము, త్య, ము. లైబ్రరీ ఏ యూనికోడ్ వెర్షన్ మీద కట్టారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ముత్యమే దానికి పరీక్ష.

లైబ్రరీని నమ్మడం ఇష్టం లేకపోతే మీరే రాసుకోండి. అక్షరం అంటే: ఒక హల్లు (3093-3129), ఆ తర్వాత 'పొల్లు (3149) + హల్లు' ఎన్నిసార్లైనా, ఆ తర్వాత ఉంటే గుణింతపు గుర్తు (3134-3148) లేదా చివరి పొల్లు, ఆ తర్వాత ఉంటే సున్న, విసర్గ లాంటివి (3072-3076). లేదా ఒక అచ్చు (3077-3092), దాని వెనక సున్న, విసర్గ. వార్తల్లో వచ్చే తెలుగంతా దాదాపు ఇందులో పడుతుంది.

ఇది చేసేముందు ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ తప్పనిసరి. ఐత్వాన్ని ఒకే కోడ్‌గా (3144) రాయొచ్చు, ఎత్వం 3142 + కింది గుర్తు 3158 అని రెండుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. ఎన్‌ఎఫ్‌సీ కలిపేస్తుంది.

వత్తులు_పోయాయి
ఎన్‌ఎఫ్‌సీ సరిచేయనిది ఒకటుంది: సున్న బదులు తెలుగు అంకె సున్నా కొట్టడం. 'పుస్తకం', 'పుస్తక౦' పక్కపక్కన పెట్టి చూడండి, చాలా ఫాంట్లలో తేడా తెలియదు. మొదటిది 3074, రెండోది 3174. పాత బ్లాగుల నుంచీ ఓసీఆర్ నుంచీ వచ్చిన పాఠంలో ఇది బాగా తగులుతుంది. తెలుగు అక్షరం వెనక, అంకె పక్కన కాకుండా 3174 కనిపిస్తే 3074 చేసేయండి.

పైథాన్_పంతులు
అదే ఊపులో 8204 (జాయినర్ కానిది), 8205 కూడా తీసేయండి. 'సాఫ్ట్‌వేర్' అని మధ్యలో ఆ కనపడని గుర్తు పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు రాస్తారు. తీసేస్తే రెండూ ఒకే ఫీచర్ అవుతాయి.

భాషా_బెజవాడ
తీసేయడం అని గుడ్డిగా చెప్పకండి. తీశాక కంటికి 'సాఫ్ట్వేర్' అని వత్తు కింద పడుతుంది. ఫీచర్ల కోసం తీసిన కాపీ వేరు, మనిషికి చూపించే కాపీ వేరు. రెండు కాలమ్స్ ఉంచండి. అనువాదం, సారాంశం లాంటి పాఠం పుట్టించే మోడల్‌కైతే తీయనే వద్దు, అది నేర్చుకున్నదే రాస్తుంది.

సిద్దిపేట_చిన్నోడు
ఆ గుర్తే గదా 2018ల ఐఫోన్లను పడగొట్టింది? జ్ఞ వెనక 8204, దాని వెనక దీర్ఘం. మెసేజ్ వస్తే చాలు, ఆప్ ఖతం. 11.2.6 అప్‌డేట్ వచ్చినదాంక మస్తు ఆడుకున్నరు.

స్కాలర్_రూమ్9
నేను పీహెచ్‌డీలో తెలుగుకి సొంత బీపీఈ టోకెనైజర్ (తరచూ పక్కపక్కన వచ్చే ముక్కల్ని కలుపుతూ పోయేది) ట్రైన్ చేస్తున్నా, హగ్గింగ్‌ఫేస్ లైబ్రరీలో బైట్‌లెవెల్ ప్రీ-టోకెనైజర్‌తో. వొకాబ్యులరీ 32,000 పెట్టినా టోకెన్లు హల్లు, గుర్తు, హల్లు, గుర్తు అని చిన్నవే వస్తున్నాయి. డేటా తక్కువా?

వత్తులు_పోయాయి
డేటా కాదు. పైన డబ్ల్యూ చేసిన పనే ఇక్కడ ఇంకో వేషంలో. బైట్‌లెవెల్ డిఫాల్ట్‌గా జీపీటీ-2 రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడుతుంది. అందులో మాట అంటే 'లెటర్' వర్గం వరసే, మార్క్ రాగానే కొత్త ముక్క. 'తెలుగు' బీపీఈ చేతికి వెళ్లేలోపే ఆరు ముక్కలు. ముక్కల సరిహద్దు దాటి మెర్జ్ చేసే హక్కు బీపీఈకి లేదు, కనుక వొకాబ్యులరీ 32,000 కాదు మూడు లక్షలు పెట్టినా అంతే. ఓపెన్‌ఏఐ వాళ్లు కూడా సీఎల్100కే టోకెనైజర్ దాకా ఇలాగే ఉంచి, ఓ200కే వచ్చాకే మార్కుల్ని మాటలో కలిపారు.

'యూజ్ రెగెక్స్' ఆప్షన్‌ని ఫాల్స్ చేసి, ఖాళీల దగ్గర విడగొట్టే ప్రీ-టోకెనైజర్‌ని ముందు పెట్టండి. లేదా సెంటెన్స్‌పీస్‌కి మారి క్యారెక్టర్ కవరేజీ 1.0 ఇవ్వండి.

స్కాలర్_రూమ్9
ఫెర్టిలిటీ లెక్కకి మాటకెన్ని టోకెన్లు అని ఇంగ్లీషుతో పోల్చి పేపర్లో పెట్టొచ్చా?

భాషా_బెజవాడ
రివ్యూయర్ పట్టుకుంటాడు. 'వచ్చినవాళ్లందరికీ' మనకి ఒక మాట, ఇంగ్లీషులో నాలుగైదు. మాటకిన్ని అంటే తెలుగు ఎప్పుడూ ఓడిపోయినట్టే కనిపిస్తుంది. ఒకే అర్థమున్న వాక్యాల జతల మీద మొత్తం టోకెన్లు పోల్చండి. ఫ్లోరెస్-200 అనే బహుభాషా వాక్యాల సెట్‌లో తెలుగు ఉంది, డెవ్‌టెస్ట్ 1012 వాక్యాలు. టోకెనైజర్‌ని దాని మీద ట్రైన్ చేయకుండా ఉంటే చాలు.

పైథాన్_పంతులు
శిక్షణకి తెలుగు వికీపీడియా డంప్ వాడుతుంటే ముందు డూప్లికేట్లు ఏరండి. గ్రామాల వ్యాసాలు వేలల్లో ఉన్నాయి, '2011 జనగణన ప్రకారం' అని మొదలయ్యే వాక్యాలు ఊరి పేరూ అంకెలూ తప్ప ఒకటే. బీపీఈకి 'హెక్టార్లలో' ఒక్క టోకెన్ అయిపోతుంది, మామూలు మాటలకి చోటు తగ్గుతుంది.

మాస్టారూ, మీ బ్యాచ్‌కీ ఇదే. ఒకే ఏజెన్సీ వార్త రెండు సైట్లలో రెండు మాటల తేడాతో ఉంటుంది. ఒకటి ట్రైన్‌లో, ఒకటి టెస్ట్‌లో పడితే స్కోరు ఉబ్బుతుంది. అంకెలు తీసేసి, అక్షరాల 5-గ్రామ్‌ల జకార్డ్ పోలిక (రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ముక్కల వాటా) 0.8 దాటినవి ఒక గుంపు చేసి, గుంపుని గుంపుగా ఒకే వైపు పెట్టండి. టీఎఫ్-ఐడీఎఫ్‌ని ట్రైన్ భాగం మీదే ఫిట్ చేయాలి. నాలుగు తరగతులూ సమానంగా లేకపోతే యాక్యురసీ పక్కన మ్యాక్రో ఎఫ్1 (ఒక్కో తరగతి స్కోరుల సగటు) తప్పకుండా రాయించండి, ఎక్స్‌టర్నల్ అడిగేది అదే.

ల్యాబ్_మాస్టారు
టోకెన్ ప్యాటర్న్ మార్పించాను, వొకాబ్యులరీలో ఇప్పుడు మాటలు మాటల్లా ఉన్నాయి. 'వికెట్', 'సినిమా' కనిపిస్తున్నాయి. డూప్లికేట్ల పని రేపు చేయిస్తా. రిపోర్టు కోసం వర్డ్‌క్లౌడ్ వేశారు, అందులో మాత్రం మళ్లీ 'దర', 'పత'.

వత్తులు_పోయాయి
వర్డ్‌క్లౌడ్ ప్యాకేజీకి దాని సొంత ప్యాటర్న్ ఉంది, అదీ డబ్ల్యూయే. పాఠం ఇవ్వకండి. మీరే లెక్కపెట్టిన మాట-సంఖ్య డిక్షనరీని 'జెనరేట్ ఫ్రమ్ ఫ్రీక్వెన్సీస్'కి ఇవ్వండి, ఫాంట్ పాత్‌లో నోటో సాన్స్ తెలుగు పెట్టండి. వత్తులు పక్కకి పడుతుంటే పిల్లోకి 'రాక్మ్' లేఅవుట్ ఇంజిన్ లేదని అర్థం. బార్ చార్టులకి ప్లాట్లీ వాడితే బ్రౌజరే అక్షరాలు కూరుస్తుంది, గొడవ ఉండదు.

కోడిపుంజు
థీసిస్ లేటెక్‌లో? పీడీఎఫ్‌లేటెక్ తెలుగు చూడగానే ఎర్రర్.

భాషా_బెజవాడ
జీలేటెక్‌తో కంపైల్ చేయండి, ఫాంట్‌స్పెక్ ప్యాకేజీ పెట్టండి. ఫాంట్ ప్రకటించేచోట 'స్క్రిప్ట్ = తెలుగు' మరవకండి, అది లేకపోతే అక్షరాలు వస్తాయి గానీ వత్తులు విడివిడిగా పడతాయి. జర్నల్ వాళ్లు పీడీఎఫ్‌లేటెక్కే కావాలంటే తెలుగు ఉదాహరణల్ని స్టాండలోన్‌గా జీలేటెక్‌లో పీడీఎఫ్ చేసి బొమ్మగా చేర్చండి.

కోడిపుంజు
పెట్టా, వచ్చింది. రిఫరెన్సుల్లో మాత్రం ఇద్దరు ముగ్గురు తెలుగు రచయితలున్న చోట లేబుల్ స్థానంలో చెత్త వస్తోంది. ఆల్ఫా స్టైల్.

నల్లబల్ల
ఒక్కో రచయిత పేరులో మొదటి 'అక్షరం' తీసుకుంటున్నాననుకుని బిబ్‌టెక్ మొదటి బైట్ తీసుకుంటోంది. అందరికీ 224 వస్తుంది. బిబ్‌లేటెక్, బైబర్‌కి మారండి, లేదా ఆ ఎంట్రీల్లో రచయిత పేర్లు రోమన్‌లో రాసి శీర్షిక మాత్రం తెలుగులో ఉంచండి.